25 గంటల రోజు: మహమ్మారి ప్రణాళికలు రాసే అధికారులకు బహిరంగ లేఖ

ఆరోగ్య, విద్య, కార్మిక, శిశు సంక్షేమ శాఖల్లో మహమ్మారి సన్నద్ధత ప్రణాళికలు తయారుచేస్తున్న అధికారులకు,

నమస్కారం. మానసిక ఆరోగ్య సేవల్లో, పిల్లల వైద్యంలో, బడుల్లో, హెల్ప్‌లైన్లలో పనిచేసేవాళ్లం కలిసి రాస్తున్న ఉత్తరం ఇది. ఇందులోని సంగతులు ఒక్కో శాఖకు విడివిడిగా ఇదివరకే రాశాం. జవాబులు రాకపోలేదు. కాకపోతే వచ్చిన ప్రతి జవాబూ పక్క శాఖ తలుపు చూపించింది. అందుకే ఈసారి అందరికీ కలిపి, నలుగురూ చదివేలా రాస్తున్నాం.

2025 మే 20న ప్రపంచ ఆరోగ్య సభ మహమ్మారి ఒప్పందాన్ని ఆమోదించింది. పాత ప్రణాళికలను తిరగరాయడానికి ఇదే అదను. ఆ ప్రణాళికల్లో వెంటిలేటర్లుంటాయి, టీకాలుంటాయి, మాస్కుల నిల్వలుంటాయి. తల్లిదండ్రుల మాట వచ్చేసరికి చివరి అనుబంధంలో ఒక పేజీ: గట్టిగా ఊపిరి పీల్చండి, వ్యాయామం చేయండి, మీకోసం కొంత సమయం కేటాయించుకోండి. అసలు చిక్కంతా ఆ సమయం దగ్గరే ఉంది.

కోవిడ్‌ కాలంలో తల్లిదండ్రులు కుంగిపోయింది మనోబలం లేక కాదు. ప్రతి శాఖా తన ఉత్తర్వు తాను ఇచ్చింది. బడి మూసెయ్యమని ఒకరు, ఇంటి నుంచి పనిచెయ్యమని ఒకరు, పెద్దవాళ్లను దూరంగా ఉంచమని ఒకరు, రోగిని వేరే గదిలో పెట్టమని ఇంకొకరు. విడిగా చూస్తే దేని కారణం దానికుంది. అన్నీ కలిసి ఒకే మనిషి మీద, ఒకే పూట పడ్డాయి. ఆ కూడిక ఎవరూ వేయలేదు.

మేం వేసి చూపిస్తాం. మూడేళ్ల పాప, ఏడేళ్ల బాబు, ఇంటి నుంచి ఉద్యోగం చేస్తున్న తల్లి లేదా తండ్రి. ఇంకో పెద్ద మనిషి బయట పనిలో ఉన్నారనుకోండి, లేదా అసలు లేరనుకోండి. నిద్రకు 7 గంటలు. ఉద్యోగానికి 8. వంట, గిన్నెలు, బట్టలు, శుభ్రం, సరుకులు కలిపి 4. బాబు ఆన్‌లైన్‌ క్లాసు పక్కన కూర్చోవడానికి 3. ఇద్దరికీ స్నానాలు, తిండి, నిద్రపుచ్చడం 3. మొత్తం 25 గంటలు. రోజుకున్నవి 24. ఇందులో ఆ తల్లి లేదా తండ్రి తిండికీ స్నానానికీ ఒక్క నిమిషం కూడా పెట్టలేదు. పాపను కనిపెట్టుకుని ఉండే వేళలూ లెక్కలోకి రాలేదు. మూడు నాలుగేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అంటే రోజూ 11 నుంచి 14 గంటలు పాప మేలుకునే ఉంటుంది. ఆ వేళంతా ఒక కన్ను తెర మీద, ఒక కన్ను పాప మీద.

తగ్గిన గంటలను ఇంట్లోవాళ్లు నిద్రలోంచి తీస్తారు, ఇంకెక్కడా దొరకవు గనక. పిల్లలు పడుకున్నాక రాత్రి తొమ్మిదింటికి ఆఫీసు పని మళ్లీ మొదలవుతుంది. ఏడు గంటల నిద్ర ఐదవుతుంది. వరసగా కొన్ని వారాలు అలా గడిస్తే ఓపిక సన్నగిల్లుతుంది, మతిమరుపు వస్తుంది, చిన్న చప్పుడుకే ఒళ్లు మండుతుంది. పిల్లల మీద అరుస్తారు. అరిచినందుకు రాత్రి నిద్ర పట్టదు. అటు పిల్లలు బిక్కచచ్చి మరింత అంటిపెట్టుకుంటారు, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుపెడతారు. దాంతో తల్లిదండ్రుల మీద పని ఇంకా పెరుగుతుంది. ఇలాంటి ఇంటికి ఊపిరి వ్యాయామం చెప్పడం తప్పని మేం అనడం లేదు. దానితో మొదలుపెట్టడం తప్పంటున్నాం.

ఇక లెక్కలు. యునెస్కో ప్రకారం 2020 ఏప్రిల్‌ నాటికి 190కి పైగా దేశాల్లో బడులు, కళాశాలలు మూతపడి 150 కోట్ల మందికి పైగా విద్యార్థులు ఇళ్లలో ఉండిపోయారు. 2020లో మహమ్మారి వల్ల అదనంగా 5.32 కోట్ల కుంగుబాటు కేసులు, 7.62 కోట్ల ఆందోళన రుగ్మత కేసులు వచ్చాయని 2021లో లాన్సెట్‌ వైద్య పత్రికలో వచ్చిన అంచనా. పెరుగుదల పురుషుల్లో కన్నా స్త్రీలలో ఎక్కువ. ఇదే కాలంలో సేవలు వెనక్కి పోయాయి. 2020 జూన్‌, ఆగస్టు మధ్య ప్రపంచ ఆరోగ్య సంస్థ 130 దేశాలను అడిగితే, 93 శాతం దేశాల్లో కీలకమైన మానసిక ఆరోగ్య సేవల్లో ఏదో ఒకటి ఆగిపోయిందో, దెబ్బతిన్నదో అయింది. మానసిక ఆరోగ్యం తమ కోవిడ్‌ ప్రణాళికలో ఉందని 89 శాతం దేశాలు చెప్పాయి. అందుకు కావలసిన అదనపు నిధులు పూర్తిగా ఉన్నవి వాటిలో 17 శాతమే. ఈ రెండు అంకెల మధ్య ఎంత దూరముందో దయచేసి మరోసారి చూడండి.

ఇళ్లలో ఎక్కడెక్కడ ఏం తెగిందో, ఎందుకు తెగిందో చెబుతాం.

1. బడి. ఆన్‌లైన్‌ క్లాసు అంటే పిల్లవాడు తెర ముందు కూర్చోవడమే అనుకున్నారు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు లాగిన్‌ చేయడం, మైకు ఆపడం, సరైన పేజీ తీయడం, రాసింది ఫొటో తీసి పంపడం అన్నీ పెద్దవాళ్లే చేయాలి. రోజుకు ఆరు సబ్జెక్టులు, ఒక్కోదానికి ఒక్క ఫొటో అనుకున్నా ఐదు రోజుల వారానికి 30. ఇద్దరు పిల్లలుంటే 60. సబ్జెక్టుకో వాట్సాప్‌ గ్రూపు, ఒక్కో గ్రూపులో ఒక్కో గడువు, రాత్రి పదింటికి 'రేపటికి చార్టు తీసుకురండి' అని మెసేజి. ఉపాధ్యాయుల తప్పు పట్టడం లేదు. వాళ్లలో చాలామంది తమ పిల్లల్ని ఒళ్లో పెట్టుకునే పాఠం చెప్పారు. కానీ ఒక తరగతి పిల్లవాడికి వారానికి మొత్తం ఎంత పని ఇస్తున్నామో కూడి చూసేవారు బడిలోనే లేకపోయారు. బడి తెరవడం, మూయడం కూడా ఒక్కరోజు ముందు ప్రకటిస్తే, షిఫ్టుల్లో పనిచేసే తల్లిదండ్రులకు అది సెలవు కాదు, ఉద్యోగానికి గండం.

2. తాతయ్యలు, అమ్మమ్మలు, నాయనమ్మలు. పెద్ద వయసువారికి వైరస్‌ ప్రమాదం ఎక్కువ కాబట్టి దూరంగా ఉంచమన్న సలహా సరైనదే. కానీ చాలా ఇళ్లలో జీతం లేని శిశు సంరక్షణ కేంద్రం వాళ్లే. ఆ చెయ్యి తీసేసినప్పుడు దాని బదులు ఏం పెట్టాలో ఎవరూ ఆలోచించలేదు.

3. ఐసొలేషన్‌. 'వేరే గది, వేరే బాత్రూం' అని కాగితం మీద రాయడం తేలిక. ఒకే గది ఇంట్లో రెండేళ్ల బిడ్డను తల్లికి దూరంగా ఉంచడం కుదరదు. కుదరని సలహా ఇస్తే జబ్బు ఆగదు, అపరాధభావం మాత్రం మిగులుతుంది. రోజుల లెక్క కూడా చూడండి. చివరిసారి రోగితో కలిసిన నాటి నుంచి 14 రోజుల క్వారంటైన్‌ అన్నారు. నలుగురున్న ఇంట్లో ఐదేసి రోజుల తేడాతో ముగ్గురికి జబ్బు తేలితే, నాలుగో మనిషికి మూడో కేసు నుంచి మళ్లీ 14 మొదలవుతుంది. మొదటి కేసు నుంచి మొత్తం 24 రోజులు. సెలవు ఇచ్చినచోట కూడా చాలావరకు 14 రోజులకే ఇచ్చారు. మిగతా పది రోజులు ఎవరి ఖాతా?

4. బాలింతలు. కాన్పు సమయంలో తోడు మనిషిని చాలా ఆసుపత్రులు రానివ్వలేదు. తల్లికి కోవిడ్‌ ఉన్నా మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని పాలివ్వవచ్చని, బిడ్డను తల్లి దగ్గరే ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినా, బిడ్డను వేరు చేసిన చోట్లున్నాయి. ఇంటికొచ్చాక చూడటానికి ఎవరూ రాలేదు. కాన్పు తర్వాత వచ్చే కుంగుబాటును చాలాసార్లు మొదట పసిగట్టేది డాక్టరు కాదు, ఇంటికి వచ్చిపోయే పెద్ద ఆడవాళ్లు. 'ఈ పిల్ల మునుపట్లా లేదు' అనే ఆ కన్ను లేకుండా పోయింది.

5. ప్రత్యేక అవసరాలున్న పిల్లలు. స్పీచ్‌ థెరపీ, ఫిజియోథెరపీ, ప్రత్యేక బడి అన్నీ ఒకే రోజున ఆగిపోయాయి. ఆటిజం ఉన్న పిల్లలకు రోజువారీ వరస చెదిరిందంటే నేల చెదిరినట్టే. అప్పటిదాకా నలుగురు నిపుణులు చేసిన పని ఇంట్లో ఒక్కరి మీద పడింది, అదీ రాత్రింబవళ్లు. ఫిట్స్‌ మందు నాలుగు రోజులు దొరక్కపోతే ఏమవుతుందో వైద్యులకు చెప్పనక్కర్లేదు. మందు హఠాత్తుగా ఆగితే ఆగకుండా ఫిట్స్‌ వచ్చే ప్రమాదం ఉంది.

6. ముందు నుంచే మానసిక రోగాలకు చికిత్సలో ఉన్న తల్లిదండ్రులు. వీళ్ల సంగతి దాదాపు ఎవరికీ తట్టలేదు. బైపోలార్‌ రుగ్మతకు లిథియం వాడేవారికి రక్తంలో దాని మోతాదు చూస్తుండాలి. స్కిజోఫ్రీనియాకు క్లోజపిన్‌ వాడేవారికి మొదటి నెలల్లో వారం వారం రక్తపరీక్ష కావాలి. నెలకోసారి ఇంజెక్షన్‌ తీసుకునేవారు ఆసుపత్రికి వెళ్లాలి. కుంగుబాటు మాత్రలు, నిద్ర మాత్రలు ఒక్కసారిగా మానితే తలతిరుగుడు, నిద్రలేమి, వణుకు, మళ్లీ ఆందోళన. ఓపీ మూసి 30 రోజుల చీటీయే రాస్తే ముప్ఫై ఒకటో రోజున ఏం జరుగుతుందో ఊహించలేనిదేం కాదు.

7. హెల్ప్‌లైన్లు. అందరూ గొప్పగా ప్రకటించినవి ఇవే. పని జరగనివీ ఇవే, కాబట్టి కాస్త వివరంగా రాయాలి. చాలాచోట్ల వేళలు పది నుంచి ఐదు. పిల్లలున్న మనిషికి చేయి ఖాళీ అయ్యేది రాత్రి తొమ్మిది తర్వాత. ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను, పగలు అది బాబు క్లాసులో ఉంటుంది. కౌన్సెలర్‌తో అపాయింట్‌మెంటూ అదే వేళకు ఇస్తారు. 'రాలేదు' అని రికార్డులో రాసుకుంటారు. ఫోను దొరికినా మాట్లాడే చోటు లేదు. గోడ ఇవతల భర్త, మంచం మీద పిల్లలు. 'ఎలా ఉన్నారు, మీ మాటల్లో చెప్పండి' అని కౌన్సెలర్‌ అడిగితే 'బాగానే ఉన్నాను' అనే జవాబే వస్తుంది. ఇంట్లో హింస ఉన్నవాళ్ల గతి ఇంకా కష్టం. లాక్‌డౌన్‌లో పెరిగిన గృహహింసను 2020లోనే ఐక్యరాజ్యసమితి మహిళా సంస్థ యూఎన్‌ విమెన్‌ 'నీడ మహమ్మారి' అంది. కాల్‌ మధ్యలో తెగితే తిరిగి ఎవరు చేయాలో ముందే తేల్చుకోకపోవడం మరో లోపం. అటువైపు నుంచి చేస్తే ఫోను ఎవరి చేతిలో ఉంటుందో తెలియదు.

8. చావులు. 2020 మార్చి నుంచి 2021 ఏప్రిల్‌ వరకు ప్రపంచంలో 11 లక్షలకు పైగా పిల్లలు తల్లినో, తండ్రినో, తమను పెంచుతున్న తాతయ్య నాయనమ్మల్లో ఒకరినో పోగొట్టుకున్నారని లాన్సెట్‌లో అంచనా వచ్చింది. మిగిలిన పెద్ద మనిషి తన ఏడుపు దిగమింగుకుని పిల్లలకు ఆ మాట చెప్పాలి. ఎలా చెప్పాలో చెప్పినవారు లేరు. 'నాన్న నిద్రపోయాడు' అంటే ఐదేళ్ల లోపు పిల్లలు పడుకోవడానికి భయపడతారు. 'ఊరెళ్లాడు' అంటే గుమ్మం దగ్గర ఎదురుచూస్తారు. 'చనిపోయాడు, శరీరం పనిచేయడం ఆగిపోయింది, తిరిగి రాడు, నీ తప్పు ఏమీ లేదు' అని చిన్న మాటల్లో, అడిగినన్ని సార్లు చెప్పాలి. అంత్యక్రియలకు వెళ్లనివ్వని చోట ఫొటో పెట్టి, తేదీ చూసుకుని, తర్వాతైనా వీడ్కోలు జరుపుకోవాలి. ఒక పేజీలో అచ్చువేసి మరణ ధ్రువపత్రంతో పాటు ఇవ్వగలిగినంత సంగతి ఇది.

ఇన్నింటిలో తండ్రుల మాట ఎక్కువగా రాలేదని గమనించే ఉంటారు. రికార్డుల్లోనే లేదు. మగవాళ్లను ఎవరూ అడగరు, వాళ్లంతట వాళ్లు చెప్పరు. వాళ్లలో కుంగుబాటు చాలాసార్లు ఏడుపుగా కాక కోపంగా, తాగుడుగా, ఇంట్లో మాట్లాడకపోవడంగా బయటపడుతుంది. పిల్లల టీకాల గదిలో తల్లిని మాత్రమే ప్రశ్నలడిగే అలవాటు మారనంతవరకు ఇది ఇలాగే ఉంటుంది.

మేం కోరుతున్నవి ఇవి.

1. గంటల పత్రం. బడి మూయడం, క్వారంటైన్‌, ఇంటి నుంచి పని వంటి ఏ ఉత్తర్వు ఇచ్చే ముందైనా నాలుగు శాఖలూ కలిసి ఒక పేజీ నింపాలి. ఈ ఉత్తర్వుతో ఇంట్లో ఎన్ని గంటల పని పెరుగుతుంది, ఇప్పటికే అమల్లో ఉన్న ఉత్తర్వులతో కలిపి మొత్తం ఎంత, దేన్ని తగ్గించి సర్దుతున్నారు? కనీసం మూడు రకాల ఇళ్లకు లెక్క వేయాలి: ఒంటరి తల్లి లేదా తండ్రి, ఐదేళ్ల లోపు బిడ్డ ఉన్న ఇల్లు, ప్రత్యేక అవసరాలున్న బిడ్డ ఉన్న ఇల్లు. మొత్తం 24 దాటితే ఉత్తర్వు సవరించాలి. మిగతా డిమాండ్లన్నీ ఒప్పుకుని ఇదొక్కటి వదిలేస్తే, మళ్లీ అదే జరుగుతుంది.

2. బడి మూసినా తెరిచినా వారం ముందు చెప్పాలి, అత్యవసరమైతే తప్ప. తెరిచేటప్పుడు చిన్న తరగతులు ముందు. ఇంటిపనికి రోజువారీ గడువులు తీసేసి వారానికి ఒక్క గడువు పెట్టాలి. బడి మొత్తానికి ఒకే యాప్‌ లేదా ఒకే గ్రూపు, సాయంత్రం ఆరు తర్వాత మెసేజి లేదు. ఎనిమిదేళ్ల లోపువారికి తెర క్లాసు బదులు వారానికోసారి అచ్చు కాగితాల కట్ట, ఉపాధ్యాయుల నుంచి పది నిమిషాల ఫోను. ఆ ఫోనులో పాఠం ముచ్చటతో పాటు 'ఇంట్లో మీకెలా ఉంది?' అన్న ఒక్క ప్రశ్న ఉండాలి. ఆ జవాబును ఎవరికి అందించాలో ఉపాధ్యాయులకు ముందే చెప్పి ఉండాలి.

3. ఉద్యోగాలు ఇచ్చేవారికి నిబంధన: ఇంటి నుంచి పనిలో అందరూ తప్పక అందుబాటులో ఉండాల్సిన వేళ రోజుకు నాలుగు గంటలకు మించకూడదు, మిగతాది ఎవరి వీలును బట్టి వారిది. బిడ్డ క్వారంటైన్‌కు జీతంతో సెలవు ఉండాలి. ఆ సెలవు కేసు తేలిన ప్రతిసారీ కొత్తగా మొదలవ్వాలి. బయటికి వెళ్లి పనిచేయక తప్పని ఆరోగ్య, పారిశుధ్య, రవాణా సిబ్బంది పిల్లలకు చిన్న బృందాలుగా సంరక్షణ కేంద్రాలు తెరిచి ఉంచాలి.

4. బిడ్డ టీకా రోజునే తల్లిదండ్రులిద్దరి మానసిక స్థితి చూడాలి. అన్నీ ఆగిపోయినా టీకాలు నడవక తప్పదు. చాలా దేశాల్లో 6, 10, 14 వారాలకు బిడ్డ ఎలాగూ వస్తుంది. బాలింతకు కాన్పు తర్వాతి కుంగుబాటును పసిగట్టే ఎడిన్‌బరో ప్రశ్నావళి చాలు: పది ప్రశ్నలు, గడచిన ఏడు రోజుల గురించి, మొత్తం 30 మార్కులు. 13, ఆపైన వస్తే వైద్యుడికి చూపించాలి. మార్కులు ఎన్ని వచ్చినా పదో ప్రశ్నకు, అంటే తనకు తాను హాని చేసుకునే ఆలోచన గురించిన ప్రశ్నకు, 'లేదు' కాక మరే జవాబు వచ్చినా ఆ రోజే మాట్లాడాలి. మిగతా తల్లిదండ్రులకు కుంగుబాటును పసిగట్టే పీహెచ్‌క్యూ-2 అనే రెండు ప్రశ్నలు. ఆరుకు మూడు, ఆపైన వస్తే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 అడగాలి. ప్రశ్నావళితో వచ్చే ఇబ్బంది కూడా చెబుతాం: కాగితం నింపించి ఫైల్లో పెట్టేస్తారు. సాయానికి ఎవరి దగ్గరికి పంపాలో ఆ మనిషే లేనిచోట పరీక్ష మొదలుపెట్టవద్దు. చావు ఆలోచనల గురించి అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందనే భయం సిబ్బందిలో ఉంటుంది. అది నిజం కాదని శిక్షణ మొదటి గంటలోనే చెప్పాలి.

5. ఆ మనుషులను ఇప్పుడే తయారుచేసుకోవాలి. సైకియాట్రిస్టులు చాలాచోట్ల సరిపడా లేరు, రాత్రికి రాత్రి రారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన ప్రాబ్లమ్‌ మేనేజ్‌మెంట్‌ ప్లస్‌ అనే కౌన్సెలింగ్‌ పద్ధతిని మామూలు చదువున్న సహాయకులు శిక్షణతో, పర్యవేక్షణతో చేయగలరు. వారానికొకటి చొప్పున ఐదు సిట్టింగులు, ఒక్కోటి 90 నిమిషాలు. అందులో ఊపిరి సాధనతో పాటు చేతనయ్యే సమస్యను విడదీసి పరిష్కరించుకోవడం, ఆగిన పనుల్ని కొద్దికొద్దిగా మొదలుపెట్టడం, తోడు వెతుక్కోవడం ఉంటాయి. చంటిబిడ్డ తల్లికి ఏకబిగిన 90 నిమిషాలు దొరకవు. రెండు విడతలుగా, ఫోనులో చేసే వెసులుబాటు ముందే రాసిపెట్టాలి. మహమ్మారి వచ్చాక శిక్షణ మొదలుపెట్టడమంటే చేతులు కాలాక ఆకులు వెతకడమే.

6. హెల్ప్‌లైన్‌ రాత్రి ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా నిండు సిబ్బందితో నడవాలి. మిస్డ్‌కాల్‌, మెసేజి రెండూ పనిచేయాలి. కాల్‌ ఎత్తగానే వరసగా మూడు ప్రశ్నలు: ఇప్పుడు స్వేచ్ఛగా మాట్లాడగలరా? తెగితే ఎవరు, ఏ వేళకు తిరిగి చేయాలి? మీరెక్కడున్నారు? మాట్లాడలేకపోతే అవును, కాదు అని చెప్పగల ప్రశ్నలకు మారాలి. ప్రాణాపాయం తోచిన కాల్‌కు 24 గంటల లోపు ఒకసారి, ఏడు రోజుల లోపు మరోసారి, వాళ్లు చెప్పిన వేళకే తిరిగి ఫోను చేయాలి. వచ్చిన కాల్స్‌ ఎన్ని అన్న లెక్కతో పాటు ఎత్తనివెన్ని, మధ్యలో తెగినవెన్ని అన్నదీ నెలనెలా ప్రకటించాలి.

7. ఫిట్స్‌ మందులు, మానసిక రోగాల మందులు 90 రోజులకు ఇవ్వాలి. దీనికొక మినహాయింపు తప్పనిసరి. ఆత్మహత్య ముప్పు ఉన్నవారి చేతికి మూడు నెలల మాత్రలు ఒక్కసారే ఇవ్వకూడదు. వారం వారం చిన్న ప్యాకెట్లుగా, ఇంట్లో నమ్మకమైన మరొకరి చేతికివ్వాలి. రక్తపరీక్షలకూ ఇంజెక్షన్లకూ కోవిడ్‌ వార్డులతో సంబంధం లేని ఒక ద్వారం ఎప్పుడూ తెరిచి ఉండాలి.

8. కాన్పుకు ఒక తోడు మనిషిని ఏ పరిస్థితిలోనూ ఆపకూడదు. ఇంటి పరిస్థితి చూసి ఐసొలేషన్‌ సలహా రెండు రకాలుగా రాయాలి. వేరే గది ఉన్న ఇంటికి ఒకటి. లేని ఇంటికి ఇంకొకటి: కిటికీలు తెరవడం, మాస్కు, మంచాల మధ్య దూరం, చేతులు.

9. సంరక్షకుల్ని పోగొట్టుకున్న పిల్లల నమోదు మరణ నమోదు రోజే మొదలవ్వాలి. మిగిలిన పెద్ద మనిషికి పైన చెప్పిన పేజీ, ఒక ఫోను, ఆరు నెలలకు మళ్లీ ఒక ఫోను. మొదటి వారంలో అందరూ పలకరిస్తారు. కష్టం తెలిసేది ఆ తర్వాతే.

10. వీటికి ప్రత్యేకంగా బడ్జెట్‌ పద్దు ఉండాలి. పద్దు లేని అధ్యాయం ప్రణాళికలో ఉన్నా లేనట్టే. 89, 17 అంకెలు పైనే ఉన్నాయి.

ఈ లేఖ అందిన 30 రోజుల్లో, పది డిమాండ్లకు ఎదురుగా ఒక్కోదానికి ఒక్కో గడిలో 'చేస్తాం, ఫలానా తేదీకి' అనో, 'చేయలేం, ఫలానా కారణం' అనో నాలుగు శాఖలూ కలిసి సంతకం చేసిన ఒకే కాగితం పంపవలసిందిగా కోరుతున్నాం. నాలుగు వేరు వేరు జవాబులు వద్దు. గంటల పత్రం నమూనా, హెల్ప్‌లైన్‌ ప్రశ్నల వరస, పిల్లలకు మరణం గురించి చెప్పే పేజీ మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. అడిగిన రోజే ఇస్తాం.

ఇట్లు,
తల్లిదండ్రుల, పిల్లల మానసిక ఆరోగ్య రంగంలో పనిచేస్తున్న వైద్యులు, కౌన్సెలర్లు, ఉపాధ్యాయులు, హెల్ప్‌లైన్‌ సిబ్బంది